సముద్రం పేరు పలకని అక్క

ఆమె పోయిందని కబురు చెప్పిన అమ్మాయి, సమాధి దగ్గర పాస్టరుగారు ఏం మాట్లాడారో కూడా ఫోనులో చెప్పింది. "సౌమ్యురాలు, మితభాషి, ఎవరినీ పల్లెత్తు మాట అనని తల్లి" అన్నారట. అప్పటిదాకా ఏడుస్తున్నదాన్ని ఫక్కున నవ్వేశాను. అవతల ఆ అమ్మాయీ నవ్వింది. మేమిద్దరం గల్ఫ్‌లో, ఫుజైరాలో ఆమె కింద నర్సులుగా పనిచేసినవాళ్ళం. పై అంతస్తులో ఆమె గొంతు లేస్తే కింద మందుల కౌంటరు దగ్గర నిలబడ్డవాళ్ళు తలెత్తి చూసేవారు. మితభాషి అట!

పాస్టరుగారిని తప్పు పట్టలేను. ఆయన ఆ ఊరికి కొత్త. చివరి నెలల్లో మంచాన పడి ఉన్న మనిషినే చూశాడు. నేను చూసిన మనిషి వేరు. ఆ మనిషి గురించి నేను రాయకపోతే ఆయన మాటలే మిగిలిపోతాయి.

మేమంతా ఆమెను అక్క అనేవాళ్ళం. కొండల్లో రాళ్ళ క్వారీల్లో పనిచేసే కరీంనగర్, నిజామాబాద్ మనుషులు కూడా అక్కా అనే పిలిచేవారు. ఆమె మాత్రం ఏ భాష మాట్లాడినా చివర "అండి" తగిలించేది. హిందీకి, ఇంగ్లీషుకి, ఆఖరికి అరబ్బీకి కూడా. "తాల్ అండి" అంటే ఇలా రండని. "ఖలాస్ అండి" అంటే అయిపోయింది, ఇక లేవండని. కందూరాలనే తెల్లటి పొడుగు చొక్కాలు తొడుక్కుని అత్తరు గుబాళిస్తూ వచ్చే పెద్దమనుషులు కూడా ఆమె "యల్లా అండి, చెయ్యి చాపండి" అనగానే బుద్ధిగా చెయ్యి చాపేవారు. కొన్నాళ్ళకు అక్కడి ముసలివాళ్ళు ఆమె కనబడగానే "అండీ! అండీ!" అని పిలవడం మొదలుపెట్టారు. అదే ఆమె పేరనుకున్నారు.

నేను తెనాలి దగ్గర్నుంచి 2003లో ఫుజైరా వచ్చాను. వచ్చిన వారానికే ఆమె సంగతి అర్థమైంది. జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక క్వారీ మనిషి కాలి మీద రాయి పడి, చీము పట్టి, ఒళ్ళు కాలిపోతూ మా వార్డులో చేరాడు. రెండో రోజు మధ్యాహ్నం వాళ్ళ ముదీర్, అంటే మేనేజరు, వచ్చాడు. పని ఆగిపోతోంది, మనిషిని తీసుకుపోతానన్నాడు. అక్క గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ముదీర్ అండి, మీరు చాలా వేడిగా ఉన్నారు. ముందు కూర్చోండి" అంది హిందీలో.

ఆయన కూర్చోనన్నాడు. ఆమె భుజం పట్టి కూర్చోబెట్టింది. జబ్బకు బీపీ పట్టీ చుట్టేసింది. బల్బు నొక్కి, ముల్లు చూసి, మొహం గంభీరంగా పెట్టింది.

"అయ్యయ్యో. మీ మనిషికంటే మీకే వైద్యం అవసరం. పడుకోండి అండి."

ఆయనకు నిజంగానే రక్తపోటు ఎక్కువగా ఉంది. డాక్టరు వచ్చి చూసి ఆ రోజంతా ఉంచేశాడు. పక్కపక్క మంచాలమీద ముదీరూ, కూలీ. సాయంత్రం నేను మందులివ్వడానికి వెళ్తే ఆ జగిత్యాల మనిషి దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు.

"గిదేంది సిస్టర్! అక్క మా ముదీర్‌ను గూడ పండవెట్టింది గదా!"

అలాంటి మనిషికి ఒక్క భయం ఉండేది. సముద్రమంటే భయం.

ఫుజైరాలో ఉండి సముద్రాన్ని తప్పించుకోవడం మాటలు కాదు. ఊరికి ఒక వైపు కొండలు, రెండో వైపు అదే. మా ఆస్పత్రి కిటికీల్లోంచి చూస్తే ఆయిలు నింపుకోవడానికి వచ్చిన ఓడలు వరసగా నిలబడి కనిపించేవి. అక్క డ్యూటీకి రాగానే మొదట చేసే పని ఆ కిటికీలకు తెరలు లాగడం. ఎక్కడికి వెళ్ళినా కొండల పక్క రోడ్డు మీదే తీసుకెళ్ళమని టాక్సీవాళ్ళతో గొడవపడేది. శుక్రవారం మేమంతా ఒడ్డుకు వెళ్దామంటే, "ఆ పక్కకి నేను రాను, మీరు పోండి" అనేది. సముద్రం అన్న మాట ఆమె నోట మేమెవరమూ వినలేదు. ఎప్పుడూ "ఆ పక్క".

చేపలు మాత్రం వదిలేది కాదు. పులుసు పెట్టిందంటే మేడ మొత్తానికి తెలిసేది. తల, తోక కూడా మిగల్చకుండా ముళ్ళు నమిలి పీల్చేది. ఒకసారి నేను అడిగాను, అదంటే అంత భయపడేదానివి చేపలెలా తింటున్నావక్కా అని.

"మా వాళ్ళని అది తింది. దాని పిల్లల్ని నేను తింటున్నా. చెల్లుకి చెల్లు" అంది. నవ్వుతూనే అంది. ఆమెది దివిసీమ అని తెలుసు. ఆ వయసు దివిసీమ మనిషి ఆ మాటంటే దాని వెనక ఏముంటుందో కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పుట్టినవాళ్ళకి ఒకరు చెప్పనక్కర్లేదు.

ఇక మామా కబీర్ గురించి చెప్పాలి. ఆ ఊళ్ళో ఒక పెద్దింటి ముసలావిడ. పెద్దమ్మ అన్న అర్థంలో ఇంట్లో పనివాళ్ళంతా ఆమెను మామా కబీర్ అనేవారు, మేమూ అలాగే అనేవాళ్ళం. మోకాళ్ళు పనిచెయ్యవు, చక్కెర జబ్బు, గుండె కూడా అంతంతమాత్రం. ముక్కుమీద ఆ తరం ఆడవాళ్ళు కట్టుకునే నల్లని ముసుగు, దాని వెనక చురుకైన కళ్ళు. రోజూ అక్క గానీ నేను గానీ వాళ్ళింటికి వెళ్ళి సూది వేసేవాళ్ళం. ఆమెకు బొంబాయి హిందీ కొంచెం వచ్చు. భర్త తెరచాప ఓడ నడిపే నౌఖుదా. ఆయన ఖర్జూరాలు వేసుకుని బొంబాయి, కాలికట్ వెళ్ళి వచ్చేవాడట. ఆయన దగ్గర నేర్చుకున్న హిందీ అది.

ఆవిడ కొడుకుది ఓడలకు ఆయిలు నింపే వ్యాపారం. మంచివాడు, తల్లి మాట జవదాటడు. 2006 వేసవిలో ఆవిడ ఒక కోరిక కోరింది. ఓడ ఎక్కాలి. అది కూడా ఎక్కడ? ఉత్తరాన, మంచు, నిప్పు పక్కపక్కనే ఉండే ఐస్‌లాండ్ అన్న ద్వీపం చుట్టూ తిరగాలి. టీవీలో చూసిందట, పొగలు కక్కే కొండలు సముద్రంలోంచి లేచి నిలబడి ఉండటం. కొడుకు తెలిసిన ఓడలవాళ్ళని అడిగితే, కొద్దిమంది ప్రయాణికులతో తీరం వెంట తిరిగే చిన్న ఓడ ఒకటుందన్నారు. డాక్టరేమో, ఇద్దరు నర్సులు వెంట ఉంటేనే సరేనన్నాడు. కొడుకు తనూ వెంట వస్తానన్నాడు; నర్సులుగా మామా కబీర్ అక్కనూ నన్నూ కోరుకుంది.

అక్క వినగానే చేతులు అడ్డంగా ఊపింది. "ఓడా? ఖలాస్ అండి. నా వల్ల కాదు. ఇంకెవర్నన్నా తీసుకెళ్ళండి."

ముసలావిడ బతిమాలలేదు. చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. తన కలగలుపు భాషలో ఆమె చెప్పినదాన్ని తెలుగులో పెడితే ఇలా ఉంటుంది:

"నా మొగుడు ఏటా ఓడ ఎక్కేవాడు. ఆడవాళ్ళని ఎక్కించరు. పదిహేనేళ్ళ పిల్లప్పటినుంచి ఒడ్డున నిలబడి తెరచాప కనబడినంతసేపూ చూసేదాన్ని, కనబడకపోయాక కూడా చూసేదాన్ని. ఆయన అవతల ఏం చూశాడో వచ్చి చెప్పేవాడు. నేను వినేదాన్ని. జీవితమంతా విన్నాను. ఇప్పుడు ఒక్కసారి నేను చూసి ఎవరికైనా చెప్పాలి. నువ్వు రాకపోతే నేనూ వెళ్ళను."

ఇంటికొచ్చేదాకా అక్క మాట్లాడలేదు. నాకు తెలిసి ఆమె అంతసేపు మాట్లాడకుండా ఉన్నది అదొక్కసారే. బియ్యం కడుగుతూ ఉన్నట్టుండి, "ఆ ముసలావిడదీ నాదీ ఒకటే జబ్బే పిల్లా. ఇద్దరం ఒడ్డునే ఉండిపోయాం" అంది. తర్వాత, "నాకు కిటికీ లేని గది ఇమ్మను, వస్తా" అంది.

ఆ ఓడలో కిటికీ లేని గది లేదు. మాకిచ్చిన గదికి గుండ్రటి అద్దపు కిటికీ ఒకటుంది. అక్క లోపలికి అడుగు పెట్టగానే సంచిలోంచి దుప్పటి తీసి, నాలుగు మడతలు వేసి, కిటికీకి కప్పి, చుట్టూ గాయాలకు వేసే ప్లాస్టరు అంటించేసింది. ఓడ కదిలింది. నేను పడిపోయాను.

ఆ సంగతి చెప్పడానికి సిగ్గెందుకు, నాకు కడుపులో తిప్పినట్టు ఎవరికీ తిప్పి ఉండదు. పైకప్పు కిందికి, నేల పైకి వచ్చేవి. విచిత్రమేమిటంటే, భయపడి చచ్చే అక్కకు ఏమీ కాలేదు. ఓడ ఎంత ఊగినా ఆమె అడుగు తడబడేది కాదు. మామా కబీర్ పనంతా తనే చూసుకుని, వచ్చి నా దగ్గర బకెట్టు పట్టుకుని కూర్చునేది. అలా కూర్చున్నప్పుడే ఒక పగటిపూట, "ఏదన్నా చెబుతా విను, తిప్పడం మర్చిపోతావు" అని మొదలుపెట్టింది.

డెబ్బై ఏడు ఉప్పెనప్పుడు ఆమెకు పన్నెండేళ్ళట. పొద్దుటినుంచి గాలి. సాయంత్రానికి ఇంటి కప్పు లేచిపోయింది. నీళ్ళు మెల్లగా పెరగలేదు, గోడలా వచ్చాయి. వాళ్ళమ్మ ఆమెను ఎత్తి పెరట్లో తుమ్మచెట్టు మీదికి తోసింది. చెల్లెళ్ళిద్దరి కోసం మళ్ళీ కిందికి వంగింది.

"అంతే. వంగిందా, మళ్ళీ లేవలేదు. తెల్లారేసరికి నీళ్ళు తీసేశాయి. నేను చెట్టు మీదే ఉన్నా. దిగడం రావట్లేదు. ముళ్ళు దిగబడిపోయాయి." జాకెట్టు చెయ్యి పైకి లాగి చూపించింది. మోచేతుల దగ్గర చిన్న చిన్న తెల్లటి మచ్చలు. అన్నేళ్ళూ అవి ఏవో అమ్మవారు పోసినప్పటి మచ్చలనుకున్నాను. "బతికినందుకు సంతోషించమన్నారు అందరూ. బతకడం సరేనే. కానీ అది ఎప్పుడు చూసినా, వచ్చి మిగిలినదాన్ని కూడా పట్టుకుపోతానన్నట్టే ఉంటుంది. అందుకని చూడను." బకెట్టు కడగడానికి లేచింది. "చూశావా, కక్కడం మానేశావు."

అక్క డెక్కు మీదికి రాలేదు గానీ, మామా కబీర్ దిగేదే కాదు. అబాయా మీద ఓడవాళ్ళిచ్చిన ఎర్ర కోటు తొడుక్కుని, చక్రాల కుర్చీలో కంబళ్ళ మధ్య, ఓడంతా తనదే అన్నట్టు కూర్చునేది. నల్లటి కొండలు నిట్టనిలువుగా నీళ్ళలోంచి లేచేవి, వాటి నెత్తిన మంచు, నడుం దగ్గర పచ్చిక, ఎక్కడో ఒక చోట నేలలోంచి ఆవిరి. పొద్దు గూకేదే కాదు. నమాజు వేళలు తెలియక కొడుకు ఎవరో పెద్దల్ని ఫోన్లో అడిగి, మక్కా గడియారం ప్రకారం చెయ్యించాడు. అక్క మాత్రం చేతి గడియారాన్ని ఫుజైరా టైము మీదే ఉంచి, ఆ లెక్కనే సూదులు వేసేది. అదీ హాల్లో, కిటికీలకు వీపు పెట్టి.

ఒకరోజు పెద్ద కేకలు. తిమింగలం పైకి లేచింది. కాస్త తేరుకుని పైకి వెళ్ళిన నేను పరిగెత్తుకొచ్చి గుమ్మం దగ్గర చెప్పాను.

"ఎంతుందే?" అంది అక్క లోపల్నుంచి.

"మన అంబులెన్సులు ఒకదాని వెనక ఒకటి పెట్టినట్టుందక్కా!"

"పులుసు పెడితే ఊరంతటికీ వస్తుంది" అంది. తల మాత్రం బయట పెట్టలేదు.

చివరికి ఓడ దక్షిణాన ఉన్న చిన్న దీవి దగ్గరికి చేరింది. పెద్ద కొండకూ, నల్లటి రాతి దిబ్బకూ మధ్య ఇరుకైన దారిలోంచి రేవులోకి వెళ్ళాం. ఓడ రేవులో కట్టాక నేల మీదికి దిగడానికి అక్కకు అభ్యంతరం లేదు. మామా కబీర్ కుర్చీ తోసుకుంటూ ఊళ్ళోకి వచ్చింది. ఎర్ర కోటు తొడుక్కున్న అమ్మాయి ఒకామె మాకు దారి చూపే మనిషి. ఆమెది ఆ దీవే. ఊరి చివర మసిలాంటి నల్ల ఇసుకలో తవ్వుతున్న చోటికి తీసుకెళ్ళింది. సగం బయటపడ్డ ఇంటి గోడ, విరిగిన కిటికీ చట్రం.

ఆ అమ్మాయి ఇంగ్లీషులో చెబుతుంటే కొడుకు తల్లికి అరబ్బీలో, మాకు హిందీలో చెప్పాడు. ముప్పై ఏళ్ళ కిందట ఒక రాత్రి ఊరి పక్కనే నేల చీలి నిప్పు లేచిందట. ఇళ్ళ మీదికి బూడిద, కరిగిన రాయి. తన తల్లి అప్పటికి చంటివాడైన తన అన్నను చంకనేసుకుని రేవుకు పరిగెత్తిందని ఆ అమ్మాయి చెప్పింది. 

అక్క కుర్చీ వదిలి ముందుకు వచ్చింది. "ఎంతమంది పోయారు?"

కొడుకు అడిగి చెప్పాడు. "ఆ రాత్రి ఎవ్వరూ పోలేదట. అందరూ చేపల పడవలెక్కి దాటేశారట."

"అందరూనా? పడవలు అప్పటికప్పుడు ఎక్కడ దొరికాయి?"

ఆ అమ్మాయి నవ్వింది. ముందురోజు తుఫానట. దానివల్ల పడవలేవీ వేటకు వెళ్ళకుండా రేవులోనే ఉండిపోయాయట. తర్వాత కరిగిన రాయి రేవునే పూడ్చేయబోతే, వెనక్కొచ్చిన మగవాళ్ళు పెద్ద పెద్ద గొట్టాలతో సముద్రపు నీళ్ళు తోడి దానిమీద వారాల తరబడి కొట్టారట. రాయి చల్లబడి ఆగిపోయింది. మేము వచ్చిన ఇరుకు దారి పక్క నల్ల దిబ్బ అదే. ఊళ్ళోవాళ్ళు చాలామంది తిరిగొచ్చి బూడిద ఎత్తిపోసి మళ్ళీ ఇళ్ళు కట్టుకున్నారు.

అక్క వంగి ఆ కిటికీ చట్రం మీది నల్ల ఇసుకను చేత్తో తుడిచింది. "నీళ్ళే కాపాడాయన్నమాట" అంది తెలుగులో, తనలో తను. "తుఫానే కాపాడిందన్నమాట." ఆ గొంతులో ఆశ్చర్యమో కోపమో నాకు తెలియలేదు. రెండూ ఉన్నాయేమో. మరుక్షణం నా వైపు తిరిగి, "వీళ్ళు తిరిగొచ్చారే పిల్లా!" అంది.

మధ్యాహ్నం ఓడ రేవు దాటి ఆగింది. అక్కడినుంచి రబ్బరు పడవలో కొండ కింద సముద్రపు గుహలోకి తీసుకెళ్తారు. మామా కబీర్ వెళ్తానంది. ఓడ పక్కన దించిన ఇనప మెట్ల మీంచి, లేస్తూ పడుతూ ఉండే పడవలోకి ఆమెను దించాలి. ఓడ మనుషులు ఇద్దరు చేతులు చాపారు. ఆవిడ పరాయి మగవాళ్ళని తాకనివ్వనంది. పై నుంచి కొడుకు పట్టుకుంటాడు, సరే. కింద పడవలో అందుకోవడానికి ఆడమనిషి కావాలి. దారి చూపే అమ్మాయి పడవ నడపాలి. నేను ముందే పడవలోకి దిగాను గానీ, కింద కూర్చోగానే మళ్ళీ ప్రపంచం తిరగడం మొదలైంది. నా చేతుల్లో చంటిపిల్లని ఎత్తుకునే బలం కూడా లేదు.

పైన మెట్ల దగ్గర అక్క నిలబడి ఉంది. చీర మీద ఎర్రకోటు, నెత్తికి మఫ్లరు, మొహం తెల్లగా పాలిపోయింది. మామా కబీర్ ఆమె వంక చూసింది. కొడుకు అన్నాడు, "సిస్టర్, వద్దులెండి. అమ్మకు నేను నచ్చజెబుతా."

"ఆగండి అండి" అంది అక్క.

దిగింది. రెండు చేతులతో గొలుసు పట్టుకుని, ఒక్కో మెట్టుకీ ఒక్కో తిట్టు తిడుతూ దిగింది. దివిసీమలో బావి దగ్గర బిందెల గొడవల్లో వినే తిట్లు అవి, ఇక్కడ రాయలేను. చివరి మెట్టు మీద ఆగింది. పడవ లేచింది, పడింది, మళ్ళీ లేచింది. లేచినప్పుడు కాలు పెట్టింది. పడవ ఊగింది. ఆమె ఊగలేదు. కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళు కొంచెం వంచి, నిటారుగా నిలబడి, పైకి చూసి రెండు చేతులూ చాపింది.

"తాల్ అండి!"

మామా కబీర్ ఆ చేతుల్లోకి దిగింది. ఒక పెద్ద అల వచ్చి పడవను ఎత్తి కుదేసింది. అక్క ఆవిడను గుండెకు అదుముకుని, వీపుతో ఆ తుంపర్లన్నీ కాచి, మెల్లగా కూర్చోబెట్టింది. కూర్చోబెట్టాక చూసుకుంది, నడుందాకా తడిసిపోయింది. అప్పుడు నవ్వింది. ఆస్పత్రి కింది అంతస్తుదాకా వినబడే ఆ నవ్వు.

వెనకే కొడుకూ, ఓడలోని కొందరు తెల్లవాళ్ళూ దిగాక పడవ కదిలింది. కొండ అంచుల మీద నల్ల కోట్లు తొడిగి ఎర్ర ముక్కులు పెట్టినట్టున్న పిట్టలు బారులు తీరి కూర్చున్నాయి. "పెళ్ళికొచ్చిన బ్యాండువాళ్ళలా ఉన్నార్రా" అంది అక్క. అన్నీ చూస్తోంది. తల అటూ ఇటూ తిప్పి, ఏదీ వదలకుండా చూస్తోంది. నేను ఆమెనే చూస్తున్నాను.

గుహలోకి వెళ్ళాక ఆ అమ్మాయి ఇంజను ఆపేసింది. నీళ్ళు పచ్చగా వెలుగుతున్నాయి. ఇక్కడ గొంతు బాగా మోగుతుంది, ఎవరైనా పాడండి అంది. పడవలో ఉన్న తెల్లవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అక్క లేచి నిలబడింది. పాడుతుందనుకున్నాను, చర్చిలో పాడేది కదా అని. ఆమె పాడలేదు.

"ఏమే సముద్రమా!" అని అరిచింది.

నేను ఉలిక్కిపడ్డాను. ఆ మాట ఆమె నోట వినడం అదే మొదలు.

"ఏమే సముద్రమా! చూడవే, ఇంకా ఉన్నా! మా అమ్మ కూతురు ఇంకా ఉంది!"

గుహ ఆ ఆఖరి మాటను పట్టుకుంది. ఉంది, ఉంది, ఉంది అని లోపల చీకటిదాకా వెళ్ళి, మళ్ళీ మా దాకా వచ్చింది. తర్వాత ఆమె వాళ్ళమ్మను పేరు పెట్టి పిలిచింది. చెల్లెళ్ళిద్దరినీ పిలిచింది. ఆ పేర్లు ఆమెవి, నేను రాయను. గుహ ఒక్కో పేరునూ తిరిగి పలికింది.

మామా కబీర్‌కు ఒక్క ముక్క తెలుగు రాదు. కానీ ఆవిడకు అర్థమైంది. చేతిని నోటి దగ్గర పెట్టుకుని, పెళ్ళిళ్ళలో అరబ్బు ఆడవాళ్ళు చేసే జేజేల కూత, నాలుక గిరగిరా ఆడిస్తూ ఎత్తుకుంది. సన్నగా, పొడుగ్గా, తెగకుండా. అంత జబ్బు మనిషి గుండెల్లో అంత ఊపిరి ఎక్కడుందో! గుహంతా ఆ కూతతో నిండిపోయింది. పిట్టలన్నీ ఒక్కసారి గుప్పున లేచాయి. తెల్లవాళ్ళు చప్పట్లు కొట్టారు. కొడుకు తలగుడ్డ కొసతో కళ్ళు తుడుచుకున్నాడు. నాకు కడుపులో తిప్పడం ఎప్పుడు ఆగిందో తెలియనే లేదు.

గదికి తిరిగొచ్చాక అక్క ప్లాస్టరు పీకేసి దుప్పటి మడతపెట్టింది.

"భయం పోయిందా అక్కా?" అన్నాను.

"ఎందుకు పోతుందే? ఉంది. పన్నెండేళ్ళప్పటినుంచీ కాపురం చేస్తున్నాం ఇద్దరం. ఇకనుంచి నేను ఎటు పోతే అటు అది రావాలి, అంతే."

ఫుజైరా వచ్చాక మామా కబీర్ ఏడాదిపాటు వచ్చినవాళ్ళందరికీ తను చూసినవన్నీ చెప్పింది. ప్రతిసారీ తిమింగలం కాస్త పెరిగేది. అక్క పక్కనుంటే "సహీ అండి, సహీ అండి" అని తాళం వేసేది.

ఆమె అసలు చేసిన పని తర్వాత తెలిసింది. అంతకుముందు వాళ్ళాయన, మచిలీపట్నంలో బడిపంతులు, విజయవాడలో ఇల్లు కట్టుకుందామంటే సరేనన్నది. ఐస్‌లాండ్ నుంచి వచ్చిన నెలలోనే ఫోన్లో ఆయనతో గట్టిగా మాట్లాడుతుంటే విన్నాను. "విజయవాడ వద్దు. మా ఊళ్ళోనే. మా అమ్మ ఇల్లున్న స్థలంలోనే. నేను తిరిగొస్తున్నా." ఎంతసేపు వాదించుకున్నారో! కాంక్రీటు స్తంభాల మీద ఎత్తుగా లేపిన మేడ. పైన వీధంతా పట్టే డాబా. మెట్లు ఇంటి లోపల్నుంచి కాదు, వీధిలోంచే. గేటుకు తాళం పెట్టకూడదు. బంధువులు నవ్వారట, ఇల్లా సత్రమా అని. సత్రమే అందట.

2007 చివర్లో ఉద్యోగం వదిలి వెళ్ళిపోయింది. వెళ్ళే రోజు మా వార్డులో ముసలివాళ్ళు "అండీ, అండీ" అని చేతులు పట్టుకుని వదల్లేదు.

మరుసటి ఏడు చలికాలం మొదట్లో కోస్తాకు తుఫాను హెచ్చరిక అని టీవీలో చూశాను. డ్యూటీ మధ్యలో బయటికొచ్చి ఫోన్ చేశాను. చాలాసేపు తగల్లేదు. తగిలాక ఒకటే హోరు. గాలి హోరు, దానిమీద జనం హోరు, పిల్లల ఏడుపులు, ఎవరో మేకను పైకి ఎక్కించమని అరుస్తున్నారు.

"అక్కా! ఎలా ఉన్నారు? భయంగా ఉందా?"

"ఎవరూ, నువ్వా పిల్లా? వీధంతా మా డాబా మీదే ఉంది! ముసలాళ్ళూ, పసోళ్ళూ, ఒక్కళ్ళూ తగ్గలేదు, అందర్నీ నేనే ఎక్కించా. వినబడుతోందా?" మధ్యలో ఎవరినో గదమాయించింది. "ఏమయ్యా, నీ కాలు చూడనీ, యల్లా అండి, చాపు!" మళ్ళీ నాతో, "భయపడ్డానికి తీరిక లేదే. ఉప్మా అడుగంటుతోంది, ఫోను పెట్టెయ్!"